తెల్ల కుక్క సంగతి

అమ్మలూ,

నీకు తొమ్మిదేళ్లప్పుడు నా ఎడమ మోచేయి విరిగింది, గుర్తుందా? వంపు తిరుగుతుంటే కుక్క అడ్డం వచ్చిందనీ, దాన్ని తప్పించబోయి పడ్డాననీ ఇంట్లో చెప్పాను. నువ్వు నమ్మావు. నా చేతి కట్టు మీద స్కెచ్ పెన్నుతో ఆ కుక్క బొమ్మ గీశావు. తెల్ల కుక్క కాబట్టి రంగు వేయనక్కర్లేదన్నావు. ఆ తరువాత ఏడాది పాటు వీధిలో తెల్ల కుక్క కనిపిస్తే చాలు, దాన్ని తిట్టకుండా ముందుకు కదిలేదానివి కాదు.

ఆ దారిలో కుక్క లేదమ్మా. తెల్లదీ లేదు, నల్లదీ లేదు.

పదిహేనేళ్లు దాచిన మాట ఇప్పుడెందుకంటే, ఆదివారం నువ్వు మొదటిసారి మా మోటార్‌సైకిల్ క్లబ్బుతో బండి తీస్తున్నావు. ఎదురుగా కూర్చుని చెప్పబోతే నవ్వేసి దాటవేస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఈ కాగితం.

అప్పటికి నేను క్లబ్బులో చేరి నాలుగు నెలలు. కొత్త బండి, కొత్త జాకెట్, కాలేజీ రోజుల నుంచీ నడుపుతున్నానన్న పాత ధీమా. ఆ రోజు పదకొండు బండ్లు. అందరికన్నా ముందు దారి చూపుతూ పోయేవాణ్ని లీడ్ అంటాం. ఆ లీడ్ వెనకే రెండో బండిగా నన్ను పెట్టారు. అది కొత్తవాళ్లకిచ్చే చోటు. నాకు అవమానంగా తోచింది. మధ్యలో ఆగినప్పుడు ఎవరికీ చెప్పకుండా జరిగి, వేగంగా వెళ్లే ముగ్గురి వెనక చేరాను. వాళ్లు ఇరవై ఏళ్లుగా నడుపుతున్నవాళ్లు. వాళ్లకు వంపులు కంఠతా వచ్చు, నాకు వాళ్ల టెయిల్ ల్యాంపులు మాత్రమే వచ్చు. దారిని చూడడం మానేసి ఆ ఎర్ర దీపాలను చూస్తూ పోయాను.

ఒక వంపు మొదట్లో తేలికగా కనిపించి, లోపలికి వెళ్లేకొద్దీ బిగుసుకుపోయింది. భయపడ్డాను. బ్రేకు పట్టాను, దారి పక్కన కంకర కనిపించింది, ఇక దాని మీద నుంచి చూపు తీయలేకపోయాను. చూపు ఎక్కడ నిలిస్తే బండి అక్కడికే పోతుంది. ఇది చదివి కాదు, ఆ కంకరలో పడుకుని నేర్చుకున్నాను. వంపు చివరను చూస్తూ లోపలి వైపు హ్యాండిల్‌ను ముందుకు నెట్టి ఉంటే బండి ఇంకా వాలి, బహుశా తిరిగేదే. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు తోయాలన్నది వింటే తలకిందులుగా ఉంటుంది. విమానం ఎగరేసిన విల్బర్ రైట్ అసలు సైకిళ్లు చేసినవాడు. ఎడమకు ఎలా తిరుగుతారని ఆయన ఎందరినో అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారట. రోజూ చేసే పనే, చేస్తున్నామని తెలియదు. నువ్వు ఖాళీ స్థలంలో చేసి చూడు, నమ్మకం కుదురుతుంది.

ఇక పడ్డాక జరిగింది చెప్తాను, నాకు ముఖ్యం అదే.

అందరికన్నా వెనక వచ్చే బండిని మేము స్వీప్ అంటాం. ఆ రోజు స్వీప్ ఒక పెద్దాయన, లేత్ మెషిన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఆయన నా దగ్గరికి పరుగెత్తుకు రాలేదు. ముందు తన బండిని వంపుకు ఇవతలే, వెనక నుంచి వచ్చేవాళ్లకు దూరం నుంచే కనిపించే చోట నిలిపి, ఇండికేటర్లు వేశారు. తనతో ఉన్న కుర్రాడిని చేతులూపి వాహనాలను నెమ్మది చేయించమని పంపారు. నా ఇంజను ఆపారు. ఆ తరువాతే నా పక్కన కూర్చున్నారు. నేను హెల్మెట్ తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు, మెడకు దెబ్బ తగిలి ఉంటే తీయడమే ప్రమాదమని. నా పేరు, వారం, నీ పేరు అడిగారు. అన్నీ చెప్పాను. తప్పు ఎవరిదని ఆయన అడగలేదు.

"ఇంట్లో కుక్క అడ్డం వచ్చిందని చెప్తాను" అన్నాను నేనే.

"ఏ రంగు కుక్క?"

"తెల్లది."

"సరే. తరువాత రంగు మార్చకు" అన్నారు.

అప్పటికే ముందున్న బండ్లు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. ఎవరూ ఫోను చేయలేదు. మా క్లబ్బులో ఒక నియమం ఉంది: నీ అద్దంలో వెనక బండి కనిపించకపోతే నెమ్మదించు, అయినా రాకపోతే ఆగు. చివరివాడు ఆగితే అతని ముందువాడు ఆగుతాడు, అతన్ని చూడక ఆ ముందువాడు. అలా కబురు అద్దాల మీదుగానే లీడ్ దాకా పోతుంది. నాకు ఆ రోజు దాకా ఇదొక చాదస్తంగా అనిపించేది.

ఆ తరువాత మూడు నెలలు నేను బండి ఎక్కలేదు. వంగిన హ్యాండిల్, విరిగిన క్లచ్ లివర్ మార్చి వాళ్లే ఇంటికి తెచ్చారు. బ్యాటరీ పడిపోకూడదని వంతులు వేసుకుని వచ్చి కాసేపు తిప్పి తెచ్చేవారు. నువ్వు వాళ్లను హెల్మెట్ మామయ్యలు అనేదానివి. వాళ్లలో ఒకాయన ఇంటిపేరు నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఆయన బండి శబ్దం సందు మలుపులోనే గుర్తుపడతాను.

క్లబ్బంటే అందరూ దేవతలే అనుకోకు. జాకెట్ మీద బ్యాడ్జీలు కుట్టించుకోవడానికే వచ్చి ఆరు నెలల్లో మాయమయ్యేవాళ్లు ఉంటారు. సైలెన్సర్ ఎంత మోగితే అంత మగతనం అనుకునేవాళ్లు ఉంటారు. ఇంజను ఆయిల్ గురించి ఒకాయన మొదలుపెడితే, హెల్మెట్ పెట్టేసుకోవడం తప్ప తప్పించుకునే దారి లేదు. ఆయన్ను నువ్వు ఆదివారమే గుర్తుపడతావు.

చేయి బాగయ్యాక నేనే అడిగి స్వీప్ పని నేర్చుకున్నాను. "నాన్నా, నువ్వెప్పుడూ చివరేనా?" అని నువ్వు చాలాసార్లు వెక్కిరించావు. చివర ఉండడమంటే నెమ్మదిగా పోవడం కాదు. వరుస రబ్బరు పట్టీలా సాగుతుంది. లీడ్ వంపు దాటి వేగం పెంచేసరికి వెనకవాళ్లు ఇంకా వంపులోనే ఉంటారు. ఆ ఖాళీ ఒక్కో బండికి కొంచెం కొంచెం పెరిగి, లీడ్ 60 లో వెళ్తుంటే చివరివాడు కలుసుకోవడానికి 80 కొట్టాల్సి వస్తుంది. అందుకే మంచి లీడ్ తన అద్దాన్ని చూసి నడుపుతాడు. అందుకే కొత్తవాళ్లను రెండో చోట పెడతాం, అక్కడ సాగుడు తక్కువ. ఆదివారం ఆ చోటు నీది. నాలా ముఖం మాడ్చుకోకు.

లీడ్ ఒక పక్కన పోతే నువ్వు రెండో పక్కన పో, పక్కపక్కనే వద్దు. నీకు సూటిగా ముందున్న బండికి రెండు సెకన్లయినా ఎడం ఉండాలి. 60 వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతావు, లెక్క నువ్వే వేసుకో. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. వంపుల్లో మాత్రం వరుస సంగతి మరచిపోయి నీకు నచ్చిన గీతలో తిరుగు. లీడ్ కాలు చాపి కిందకు చూపిస్తే ఆ పక్కన గుంతో కంకరో ఉందని అర్థం. చూడగానే నువ్వూ అలాగే చూపించు, నీ వెనకవాళ్లకు లీడ్ కనిపించడు. కూడలిలో లీడ్ నిన్ను నిలబెట్టి వెళ్లిపోతే కంగారుపడకు. దారి చూపడానికి నిలబెట్టారని అర్థం. అందరూ దాటి నేను వచ్చేదాకా అక్కడే ఉండాలి. వాన మొదలైతే మొదటి పది నిమిషాలే చెడ్డవి, దారి మీది నూనె తేలుతుంది. తెల్ల గీతల మీద బ్రేకు పట్టకు.

హెల్మెట్ పట్టీ వదులుగా పెట్టుకునే నీ అలవాటు గురించి మళ్లీ గొడవపడను, ఒక సంగతి చెప్పి ఊరుకుంటాను. 1935 మే నెలలో, లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ తన బ్రఫ్ సుపీరియర్ మోటార్‌సైకిల్ మీద వెళ్తూ సైకిళ్ల మీదున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి పడి, ఆరు రోజులకు పోయాడు. తలకు హెల్మెట్ లేదు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ చావు ఆయన్ను వదలలేదు. బండ్ల మీద నుంచి పడి తల పగిలిన సైనికుల వివరాలు కూర్చి 1941లో హెల్మెట్ల గురించి రాశాడు. ఆ ఏడాదే బ్రిటన్ సైన్యంలో మోటార్‌సైకిల్ వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేశారు. మామూలు జనానికి అక్కడ చట్టం రావడానికి 1973 దాకా పట్టింది. హెల్మెట్ చావు ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని ఎన్నో అధ్యయనాలను కలిపి తేల్చారు. పట్టీ బిగించని హెల్మెట్ పడేటప్పుడు నీకన్నా ముందే ఎగిరిపోతుంది.

ఆడపిల్లకు ఇంత దూరమెందుకని ఎవరైనా అంటే వాదించకు. థెరీసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అని ఇద్దరు 1934 డిసెంబరులో లండన్‌లో ఒక పాంథర్ బండికి సైడ్‌కారు, వెనక ట్రెయిలర్ తగిలించుకుని బయలుదేరి, సహారా దాటి 1935 జూలైలో కేప్‌టౌన్ చేరారు. దారిలో వాళ్లిద్దరూ ఎన్నిసార్లు పోట్లాడుకుని ఉంటారా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆదివారాలు మీకు దూరంగా గడిపాను. నీ పుట్టినరోజులు రెండు కూడా అందులో పోయాయి. దానికి సాకు చెప్పను.

ఈ ఉత్తరం రాస్తున్నానని నిన్న అమ్మతో అన్నాను, కుక్క సంగతి కూడా ఒప్పుకుంటున్నానని. ఆమె బట్టలు మడతపెడుతూ తల ఎత్తకుండానే "తెల్ల కుక్కే కదా" అంది. నన్ను ఇంట్లో దింపిన సాయంత్రమే పెద్దాయన ఆమెకు గుమ్మం దగ్గర నిలబడి అంతా చెప్పి వెళ్లారట. రంగు మార్చవద్దని నాకు చెప్పిన మనిషే. అంటే ఆ కుక్కను ఇన్నేళ్లూ నమ్మింది నువ్వొక్కదానివే.

రాత్రి నీ బండి చైను బిగువు, టైర్లలో గాలి చూశాను. అయినా బయలుదేరే ముందు నువ్వూ ఒకసారి చూసుకో.

నాన్న