నీళ్లు తీసి చూడకుండా మోడల్‌ని నమ్మలేం

సంపాదకుడు గారికి,

తీరంలో ఫైటోప్లాంక్టన్ (నీళ్లలో తేలుతూ మొక్కల్లా వెలుతురుతో పెరిగే, చాలావరకు ఒకే కణంతో ఉండే జీవాలు) ఎప్పుడు విజృంభిస్తుందో ఇక కంప్యూటర్ మోడలే ముందుగా చెప్పేస్తుందనీ, పడవ మీద వెళ్లి నీళ్లు తెచ్చే పని తగ్గిపోతుందనీ మీ పత్రికలో వ్యాసం వచ్చింది. పదకొండేళ్లుగా ఆ మోడళ్లతోనే పనిచేస్తున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మోడల్ ఒక జమాఖర్చు. నైట్రేట్ అనే పోషకం ఎంత వచ్చింది, ఫైటోప్లాంక్టన్ అందులో ఎంత తీసుకుంది, దాన్ని జూప్లాంక్టన్ అనే తేలియాడే చిన్న జంతువులు ఎంత తినేశాయి, చచ్చి అడుక్కి చేరినదాంట్లో ఎంత కుళ్లి మళ్లీ పోషకంగా మారింది. అంతే. 1946లో సముద్ర శాస్త్రవేత్త గోర్డన్ రైలీ ఉత్తర అమెరికా తూర్పు తీరానికి ఎదురుగా ఉన్న జార్జెస్ బ్యాంక్ నీళ్లకు ఇలాంటి లెక్కే కట్టారు. ఆయన అందులో వేసిన అంకెల్లో చాలావరకు ఓడ మీద వెళ్లి కొలిచి తెచ్చినవి.

తీరానికి వచ్చేసరికి లెక్క చిక్కుపడుతుంది. ఒక వరదల కాలంలో నా మోడల్ నదీముఖం దగ్గరే భారీ బ్లూమ్, అంటే ఫైటోప్లాంక్టన్ విజృంభణ, చూపించింది. నైట్రేట్ పుష్కలంగా ఉంది కదా అని నేనూ నమ్మాను. తీరా పడవలో వెళ్లి నీళ్ల తేటదనం కొలిచే తెల్లని సెక్కీ డిస్క్ దింపితే అర మీటరు లోపే కనిపించకుండా పోయింది. నీళ్లు వడకట్టిన ఫిల్టర్ పేపరు మీద పచ్చదనం లేదు, గోధుమరంగు బురదే. పోషకాలున్నా వెలుతురు లేకపోతే కణం ఎలా పెరుగుతుంది? ఇంకో రెండు గంటలు లోపలికి వెళ్లాం. బురద దిగిపోయిన చోట డిస్క్ నాలుగు మీటర్ల దాకా కనబడింది. అక్కడి పేపరు లేత ఆకురంగులోకి తిరిగింది. తేటనీళ్లలో కొలిచిన వెలుతురు అంకెను బురదనీళ్లకు వాడటమే నేను చేసిన తప్పు.

నీళ్ల రంగును బట్టి ఫైటోప్లాంక్టన్‌లోని క్లోరోఫిల్‌ని పసిగట్టే ఉపగ్రహం ఉందిగా అంటారు. తీరంలో బురద, నది తెచ్చే రంగునీళ్లు కలిసి ఉపగ్రహానికి క్లోరోఫిల్‌లా కనబడొచ్చు. అప్పుడు మోడల్‌ని దానితో సరిచూస్తే రెండు తప్పులూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నట్టే.

ఇంకొకటి. ప్లాంక్టన్‌లో సగటున 16 నైట్రోజన్ పరమాణువులకు 1 ఫాస్ఫరస్ పరమాణువు ఉంటుందన్న రెడ్‌ఫీల్డ్ నిష్పత్తిని చాలా మోడళ్లు స్థిరాంకంగా తీసుకుంటాయి. ఎరువులు, మురుగు కలిసే నీళ్లలో పోషకాలు ఆ నిష్పత్తిలో ఉండవు. నైట్రోజన్ పెరిగి సిలికేట్ చాలకపోతే, దానితో గుల్ల కట్టుకునే ఫైటోప్లాంక్టన్ రకమైన డయాటమ్‌లు తగ్గి వేరే జాతులు, ఒక్కోసారి విషం చిమ్మేవి, పైచేయి సాధిస్తాయి. ప్లాంక్టన్ మొత్తాన్నీ ఒకే గంపలో వేసి లెక్కపెట్టే మోడల్‌కి ఈ మార్పు కనబడదు.

మా దగ్గర నెలనెలా వెళ్లే పడవ ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్తోంది. బ్లూమ్ పుట్టి, పెరిగి, చచ్చి, అడుగునీళ్లలో ఆక్సిజన్ తోడేయడానికి కొన్ని వారాలు చాలు. మధ్యలో ఏం జరిగిందో మాకు తెలియకుండానే పోతోంది. ఇంకోసారి ఈ విషయం రాసేముందు మీ విలేఖరి ఒక్క రోజు అలాంటి పడవ ఎక్కి, ఆ ఫిల్టర్ పేపర్లు చేత్తో పట్టుకుని చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
తీర జలాల మోడళ్లపై పనిచేసే ఒక పరిశోధకురాలు