గ్యాస్ తుపాకీల రబ్బరు రింగుల గురించి మా ఖాతాదారులకు

సంక్రాంతి తర్వాత మా విజయవాడ షాపులో సెమీ ఆటోమేటిక్ 12 బోర్ తుపాకీకి గ్యాస్ రింగు వేయించుకున్నవాళ్లు దసరాలోపు ఒకసారి ఆ తుపాకీ తీసుకురండి. మేము వేసిన రింగు సరైన రబ్బరుది కాదని తేలింది, అది తీసేసి వేరేది వేస్తాం. రింగుకు గానీ కూలికి గానీ పైసా తీసుకోం. సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్, పంప్ యాక్షన్ వాళ్లకు ఈ గొడవతో సంబంధం లేదు. బ్రౌనింగ్ ఆటో-5 వాళ్లకూ లేదు. అది గ్యాసుతో నడిచేది కాదు, కాల్చినప్పుడు బ్యారెల్ మొత్తం వెనక్కి కదిలే రకం. దాని సంగతి కింద విడిగా రాశాను.

రెమింగ్టన్ 1100 లాంటి తుపాకీలో తూటా పేలగానే బ్యారెల్ అడుగున ఉన్న సన్న రంధ్రంలోంచి కొంత గ్యాసు కిందికి దిగుతుంది. తూటాలు నిలవుండే మ్యాగజైన్ ట్యూబు చుట్టూ కూర్చున్న పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. ఆ ఊపుతోనే తూటా వెనక మూసి ఉండే బోల్టు వెనక్కి పోయి, ఖాళీ డొప్పను బయటికి విసిరి, తిరిగి వస్తూ కొత్త తూటాను ఎత్తుకుంటుంది. గ్యాసు ముందు వైపు నుంచి జారిపోకుండా ట్యూబు మీది గాడిలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. ఆ మోడల్ 1963లో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మిగతా ఇనుమంతా గట్టిగా ఉండి, ఈ చిన్న రింగు పోతే చాలు, తుపాకీ సెమీ ఆటోమేటిక్ కాకుండా పోతుంది. ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాగాల్సిందే.

ఆ రింగు వైటాన్ అనే రకం రబ్బరుది అయి ఉండాలి. వైటాన్ 200 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటుంది. మామూలు నైట్రైల్ రబ్బరు 100, మహా అయితే 120 దగ్గరే మొండికేస్తుంది. గాలిలోకి విసిరిన మట్టి పళ్లేలను వరసగా కాల్చే ట్రాప్ షూటర్ల తుపాకీలో అది గట్టిపడి, చదునై, పగులుతుంది. మేము ఏళ్ల తరబడి సీళ్లు కొంటున్న ఆటోనగర్ వ్యాపారికి వైటాన్ అని కాగితం మీద రాసిచ్చాం, వైటాన్ ధర కట్టాం. ఆయన బిల్లు మీదా వైటాన్ అనే ఉంది. కవర్లో ఉన్నది మాత్రం నైట్రైల్.

ఒక ఖాతాదారు తుపాకీ వెనక్కి తెచ్చినప్పుడు బయటపడింది. రింగు గుండ్రంగా ఉండాల్సింది, బయటి అంచు చెక్కేసినట్టు బల్లపరుపుగా ఉంది. గోరుతో నొక్కితే దిగలేదు. రెండు వేళ్ల మధ్య వంచితే లోపలి వైపు వెంట్రుకలంత చీలికలు తేలాయి. మిగిలిన కవరు పట్టుకెళ్లి బంగారం తూచే కాటా మీద పెట్టించాం. వైటాన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.8 గ్రాములకు పైనే ఉంటుంది, నైట్రైల్‌ది 1.2, 1.3 మధ్య. అంటే ఒకే సైజు రింగులు పదేసి తూస్తే వైటాన్ దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు తూగాలి. మా దగ్గర మిగిలి ఉన్న పాత సరుకు తూగింది, ఈ కొత్త కవరు తూగలేదు. మీ ఇంట్లో స్పేరు రింగులుంటే మీరూ ఇలాగే తూయించుకోండి, ఏ నగల షాపువాళ్లయినా కాదనరు. రంగు చూసి నమ్మొద్దు, నల్లటి వైటానూ ఉంది, గోధుమరంగు వేసిన నైట్రైలూ ఉంది. అగ్గిపుల్లతో కాల్చి చూసే పరీక్ష మాత్రం పెట్టుకోవద్దు. వైటాన్ కాలితే వచ్చే పొగ విషం.

మరి మేమే ఎందుకు పట్టుకోలేకపోయామని అడుగుతున్నారు, అడగాల్సిందే. షాపులో తుపాకీ కాల్చి చూడం. డమ్మీ తూటాలు పెట్టి చేత్తో బోల్టు లాగి, ఎత్తుకుంటోందా, విసురుతోందా, పిన్ను కొడుతోందా అని చూస్తాం. చేత్తో ఆడించినప్పుడు గ్యాసే ఉండదు కాబట్టి రింగు ఉన్నా లేకపోయినా తుపాకీ ఒకేలా ఆడుతుంది. పైగా నైట్రైల్ రింగు మొదటి పెట్టె తూటాలకు బాగానే పనిచేస్తుంది. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఆ తర్వాతే చెడుతుంది.

ఆ వ్యాపారి దగ్గరికి వెళ్తే ఆయన అన్నమాట: "చూడ్డానికి రెండూ ఒకటేగా సార్, ట్రాక్టర్లకు ఇదే వేస్తున్నాం, ఒక్క కంప్లైంటు లేదు." ట్రాక్టర్‌లో ఎక్కడ వేస్తున్నారో నాకు అనవసరం. నేను అడిగిన సరుకు వేరు, ఆయన ఇచ్చింది వేరు. వచ్చే సరుకులో సర్దుబాటు చేస్తానన్నారు. సర్దుబాటు వద్దు, వచ్చే సరుకూ వద్దు అని కవరు ఆయన కౌంటరు మీద పెట్టి వచ్చేశాం. నష్టపోయిన డబ్బు పెద్దదేమీ కాదు. మా దగ్గరికి వచ్చిన ఒకాయన "ఇంకెక్కడన్నా వేయించుకుంటే పోయేదేమో" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆయన తప్పేం లేదు, ఆయనకు తెలిసింది మా షాపు పేరే గానీ ఆటోనగర్ కాదు.

ఇప్పుడు రింగులు కంపెనీలకు సీళ్లు సరఫరా చేసే వేరే చోటు నుంచి తెప్పిస్తున్నాం. ప్రతి లాటుకూ మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ ఉంటేనే డబ్బు కడతాం, వచ్చాక మళ్లీ కాటా మీద పెడతాం. రింగు మాత్రం అంగుళాల కొలతదే ఉండాలి. దగ్గరగా ఉందని మిల్లీమీటర్ల కొలతది సాగదీసి ఎక్కిస్తే సన్నబడుతుంది, గ్యాసు పక్కనుంచి పోతుంది.

ఇక అసలు తేల్చుకోలేక సతమతమైన విషయం. సెమీ ఆటోమేటిక్ పనే మానేద్దామా అని. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మా దగ్గరికి వచ్చే ఇలాంటి తుపాకులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అన్నీ ఎప్పుడో దిగుమతి అయినవి, తాతల నుంచి తండ్రులకు, తండ్రుల నుంచి కొడుకులకు లైసెన్సు మారినవి. విడిభాగాలు దొరకవు. డొప్పను పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ ఒక్కదాని కోసం నెలలు తిరగాలి. షాపు అద్దె కట్టేది బ్యాంకుల డబుల్ బ్యారెళ్లు. వాటికి స్ట్రైకర్ స్ప్రింగు, కీలు బిగింపు, బ్లూయింగు (ఇనుముకు వేసే నల్లటి పూత) తప్ప పెద్ద పని ఉండదు, గొడవా ఉండదు. ఇంట్లోవాళ్లంతా ఒకటే మాట: ఈ తలనొప్పి వదిలెయ్. లెక్కలు వేస్తే వాళ్లదే న్యాయం. వదిలేస్తున్నామని బోర్డు కూడా రాయించబోయి ఆగాను. మేము వదిలేస్తే ఈ తుపాకులు లేత్ షాపులకు పోతాయి. అక్కడ డొప్ప సరిగా పడట్లేదంటే బ్యారెల్ కింది గ్యాసు రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేస్తారు. అలా చేసిన బ్యారెల్ చూశాను. రంధ్రం పెద్దదైతే బోల్టు అవసరానికి మించిన వేగంతో వెనక్కి కొట్టుకుని లింకులు వంగుతాయి, బోల్టు ఆడే ఇనుప పెట్టె, అంటే రిసీవర్, వెనక భాగం దెబ్బతింటుంది. అసలు జబ్బు పది నిమిషాల్లో మారే రింగు. అందుకే మానట్లేదు. మొండితనం అనుకుంటే అనుకోండి.

పద్ధతి మాత్రం మారుస్తున్నాం. గ్యాస్ తుపాకీకి ఏ పని చేసినా రింగు మీ ముందే, వీలైతే మీ చేతే వేయిస్తాం. విడిభాగం ఖరీదు అప్పుడే తీసుకుంటాం. కూలి మాత్రం మీరు అనుమతి ఉన్న రేంజిలో కాల్చి చూసి, సరిగ్గా ఆడుతోందని చెప్పాకే ఇవ్వండి.

రింగు మార్చడం కష్టమేం కాదు. ముందు తూటాలన్నీ తీసి, బోల్టు వెనక్కి లాగి నిలబెట్టి, తూటా కూర్చునే చాంబరులోనూ మ్యాగజైన్‌లోనూ వేలు పెట్టి తడిమి చూడండి. కంటిచూపును నమ్మొద్దు. తర్వాత ట్యూబు ముందు వైపు మూత విప్పి, ముందు వైపు చెక్క తీసి, బ్యారెల్ నేరుగా ముందుకు లాగండి. ట్యూబు మీద గాడిలో రబ్బరు రింగు, దాని వెనక పిస్టన్ సీలు, పిస్టన్ కనిపిస్తాయి. సీలు, పిస్టన్ అనే ఈ ఇనుప రింగులు రెండూ తీసేముందు ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. వాటి వాలు అంచులు ఒకదానిలో ఒకటి కూర్చోవాలి. తిప్పి పెడితే రబ్బరు కొత్తదైనా గ్యాసు లీకవుతుంది. కొత్త రింగుకు ఒక చుక్క నూనె రాసి, మెలి తిరగకుండా జార్చి గాడిలో కూర్చోబెట్టాలి. స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తితే గాటు పడుతుంది. శుభ్రం చేసేటప్పుడు థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు తగలనివ్వొద్దు, వైటాన్ అంత గట్టిదీ వాటికి ఉబ్బుతుంది. పిస్టన్ భాగంలో నూనె పోయొద్దు. అక్కడి వేడికి అది మాడి మసై అంటుకుంటుంది. తుడిచి పొడిగా వదిలేయడమే మేలు.

ప్రతి ఆగుడూ రింగు వల్లే అనుకోకండి. డొప్ప చాంబరులోంచి బయటికొచ్చి, అది బయటపడే కిటికీలో ఇరుక్కుంటే, లేదా డొప్ప పడిపోయినా తర్వాతి తూటా ఎత్తుకోకపోతే, బోల్టు పూర్తిగా వెనక్కి పోవట్లేదని అర్థం. రింగు, మసి పట్టిన రంధ్రం, లేదా మరీ తేలికపాటి తూటా. డొప్ప చాంబరులోనే ఉండిపోయి బోల్టు ఒక్కటే వెనక్కి వస్తే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగి ఉంటుంది, లేదా చాంబరులో తుప్పు ఉంటుంది. పాత అట్ట తూటాలైతే మన వానాకాలం తేమకు ఉబ్బి పట్టేస్తాయి. బోల్టు వెనక్కి బాగానే పోయి, ముందుకొచ్చి పూర్తిగా మూసుకోకపోతే భుజానికి ఆనించే బట్టులో ఉండే రిటర్న్ స్ప్రింగు చూడాలి.

ఈ స్ప్రింగు దగ్గరే మన ఊరి వాతావరణం దెబ్బకొట్టేది. చాలా మోడళ్లలో అది చెక్క బట్టు లోపల ఒక గొట్టంలో ఉంటుంది. బట్టు విప్పితే గానీ కనపడదు కాబట్టి ఎవరూ తుడవరు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో నానిన తుపాకుల్లో పైకి అంతా మెరుస్తున్నా గొట్టం విప్పితే ఎర్రటి బురద కారింది. వరదే అక్కర్లేదు. నూనె ఎక్కువ పోసి తుపాకీని నిలువుగా ఆనిస్తే ఆ నూనంతా కిందికి దిగి, గొట్టంలో జిగురై, చెక్కను కూడా మెత్తబరుస్తుంది. నూనె రాశాక ఒక రాత్రి బ్యారెల్ మూతి కిందికి ఉండేలా, కింద గుడ్డ వేసి ఆనించండి. రెక్సిన్ కవరులో పెట్టి బీరువాలో దాచొద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. బట్టులోని స్ప్రింగు గొట్టం పని మాత్రం ఇంట్లో చేయొద్దు. స్ప్రింగు బిగువు మీద ఉంటుంది, విప్పగానే కంట్లోకి వస్తుంది.

కొబ్బరినూనె గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అది సుమారు 24 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఏసీ గదిలో ఉండే తుపాకీ ట్రిగ్గరు గుంపులో అది పేరుకుంటే హ్యామర్ బద్ధకంగా పడుతుంది, తూటా టోపీ మీద లోతు తక్కువ గాటు పడి పేలదు. పేలని తూటా ఉంటే కనీసం 30 సెకన్లు మూతి సురక్షితమైన దిక్కుకు పెట్టి ఆగి, అప్పుడు తెరవండి. చప్పుడు తుస్సుమని వస్తే ఇంకోటి కాల్చకండి. బ్యారెల్లో వాడ్ (తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిళ్ల) ఇరుక్కుందేమో తుపాకీ ఖాళీ చేసి చూడండి. ఆయుధపూజకు పసుపు, కుంకుమ పెట్టడం మానమని చెప్పను, మా షాపులోనూ పెడతాం. చెక్క మీద పెట్టండి, మర్నాడు పొద్దున్నే తుడిచేయండి. బ్లూయింగు మీద తడి కుంకుమ వదిలేస్తే ఆ బొట్టు ఆకారంలోనే తుప్పు గుంటలు పడతాయి.

ఆటో-5 వాళ్లకు ఒక్క విషయం. మీ మ్యాగజైన్ ట్యూబు మీద ఇనుప ఫ్రిక్షన్ రింగు ఎక్కడుందో చూసుకోండి. గట్టి తూటాలకు అది ట్యూబు చుట్టూ ఉండే స్ప్రింగు ముందు, కంచు ముక్కకు ఆనుకుని, లోతు వైపు కంచుకు తిరిగి ఉండాలి. తేలిక తూటాలకు స్ప్రింగు వెనక, రిసీవర్ వైపు ఉండాలి. తేలిక అమరికలో గట్టి తూటాలు కాలిస్తే, లేదా ట్యూబుకు నూనె పట్టిస్తే, బ్యారెల్ ఆగాల్సినంత ఆగక ముందు చెక్క చీలుతుంది. మా దగ్గరికి వచ్చే చీలిన చెక్కల్లో చాలావరకు ఈ కారణమే.

వచ్చేటప్పుడు ఒరిజినల్ లైసెన్సు తెండి, తుపాకీ నంబరూ, యూఐఎన్ (లైసెన్సు గుర్తింపు సంఖ్య) కూడా అందులో ఉన్నదానితో సరిపోవాలి. లైసెన్సుదారు రాలేకపోతే ఆయన తరఫున తుపాకీ పట్టుకెళ్లడానికి అందులో పేరున్న రిటైనరే రావాలి, డ్రైవరు చేత పంపితే తీసుకోం. తూటాలు ఇంట్లోనే ఉంచండి. విజయదశమి రోజు షాపు ఉండదు, నవరాత్రుల్లో కొండ కింద ట్రాఫిక్ తెలిసిందే, అంతకు ముందు వారాల్లోనే వస్తే మంచిది. ఈలోగా మీరే రింగు తీసేసినా పాతది పారేయకండి, కవర్లో వేసి తీసుకురండి. ఆ లాటులో మేము వేసిన ప్రతి రింగుకూ లెక్క చూసుకుంటున్నాం.