జపాన్ వెళ్లేవాళ్లకు: రైళ్లు, బస్సులు, టాక్సీలు

అందరికీ నమస్కారం. జపాన్ టికెట్లు తీసుకున్నవాళ్లు జేఆర్ పాస్ (జేఆర్ రైళ్లలో కొన్ని రోజులపాటు ఎన్నిసార్లైనా తిరగడానికి పర్యాటకులకిచ్చే టికెట్) కొనే ముందు ఒక్కసారి లెక్క వేసుకోండి. 2023 అక్టోబరులో ధర బాగా పెంచారు, ఏడు రోజుల మామూలు పాస్ 50,000 యెన్ అయింది. టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ రైల్లో ఒకవైపు సుమారు 14,000 యెన్. అంటే రానూపోనూ అదొక్కటే ప్రయాణమైతే పాస్ దండగ. హిరోషిమా దాకా వెళ్లి, ఇంకా ఊళ్లు తిరిగేవాళ్లు మాత్రం ఆలోచించొచ్చు.

ఊళ్లో తిరగడానికి సుయికా కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) చాలు. స్టేషన్లో లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు గేటుకి తాకిస్తే సరి. క్యోటో సిటీ బస్సుల్లో ఎక్కువగా వెనక తలుపులోంచి ఎక్కి, దిగేటప్పుడు డ్రైవర్ పక్కనున్న పెట్టె దగ్గర డబ్బు కట్టి ముందు నుంచి దిగుతారు. చిల్లర దగ్గర ఉంచుకోండి.

పెద్ద సూట్‌కేసులున్నవాళ్లు జాగ్రత్త. టోక్యో-క్యోటో బుల్లెట్ రైల్లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే సామాను చోటున్న సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. అదనపు డబ్బేమీ లేదు, కానీ చేసుకోకపోతే 1,000 యెన్ కట్టిస్తారు. పెద్దవాళ్లతో వెళ్తుంటే సామాను హోటల్ నుంచి హోటల్‌కి కొరియర్లో పంపేయడమే నయం.

అర్ధరాత్రి దాటితే రైళ్లుండవు. రాత్రి పదింటి నుంచి టాక్సీ ఛార్జీ కూడా ఎక్కువే. టాక్సీ వెనక తలుపు డ్రైవరే తెరుస్తాడు, మీరు లాగకండి.

తేదీలు ఖరారైనవాళ్లు ఇక్కడ పెట్టండి, ఎవరికి ఏ టికెట్ లాభమో కలిసి చూద్దాం.