ఉబ్బిన పొట్టకు గ్యాస్ మాత్రలతో సరిపెట్టొద్దు

రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రిగారికి,

నమస్కారం. మా ఉదయగిరి వైపు ఏఎన్ఎంలు ఇంటింటికీ వచ్చి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గురించి అడుగుతున్నారు. చాలా మంచి పని. ఆడవాళ్లను ఇంకో మాట కూడా అడిగించండి: 'అమ్మా, రెండు మూడు వారాలుగా పొట్ట ఉబ్బరంగా ఉంటోందా? రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందా? మాటిమాటికీ ఒంటేలుకు పోవాల్సి వస్తోందా?'

ఇవి అండాశయ క్యాన్సర్ లక్షణాలు కావచ్చు. మా పిన్నమ్మకు జాకెట్లు వదులైపోయాయి, లంగా బొందు మాత్రం ముడికి చాలేది కాదు. మనిషి చిక్కిపోతూ పొట్ట పెరుగుతున్నా నెలల తరబడి గ్యాస్ మాత్రలే రాశారు. చివరికి నెల్లూరులో స్కానింగ్ తీస్తే పొట్టనిండా నీరు. అప్పటికే మూడో దశ.

ఈ జబ్బు పాకే తీరు వేరు. అండాశయం నుంచి రాలిన క్యాన్సర్ కణాలు పొట్టలోని ద్రవంతో పాటు తిరుగుతూ పేగుల మీది కొవ్వు పొరకు, పొట్ట లోపలి పొరకు, పైన ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర డయాఫ్రమ్‌కు అంటుకుంటాయి. అండాశయం దాటకముందే దొరికితే 10 మందిలో దాదాపు 9 మంది అయిదేళ్లు దాటి బతుకుతారు. పొట్టంతా పాకాక ఆ లెక్క ముగ్గురు నలుగురికి పడిపోతుంది.

ఊరందరికీ స్కానింగులు తీయమనడం లేదు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఏ లక్షణమూ లేనివాళ్లకు ఏటా పరీక్షలు చేసినా మరణాలు తగ్గలేదు. నేనడిగేది బాధ చెప్పుకుంటున్నవాళ్ల గురించి.

మూడో దశ అనగానే ఆశ వదులుకోనక్కర్లేదు. కంటికి కనిపించే గడ్డ ఏదీ మిగలకుండా తీసి, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో ఇస్తే ఆయుష్షు బాగా పెరుగుతుంది. కానీ అది గైనిక్ ఆంకాలజీ సర్జన్, అంటే ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్ల ఆపరేషన్లలో నిపుణులైన డాక్టరు చేయాల్సిన ఆపరేషన్. దగ్గర్లో ఎవరో ఒకరు కోసి, అందినంత తీసి, కుట్టేసి, ఆ తర్వాత చెన్నైకి పొమ్మంటే ఆ మనిషి రెండోసారి కోతకు తట్టుకోవాలి కదా! నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే.

ఉదయగిరి, కనిగిరి లాంటి చోట్ల 40 దాటిన స్త్రీ తగ్గని ఉబ్బరంతో ప్రభుత్వాసుపత్రికి వస్తే అల్ట్రాసౌండ్, ఈ క్యాన్సర్ సూచనను చూపే సీఏ-125 రక్తపరీక్ష ఆ వారంలోనే జరిగేలా ఆదేశాలివ్వండి. అనుమానం ఉంటే కత్తి పెట్టకముందే సరైన ఆసుపత్రికి పంపించండి. జబ్బు తేలినవాళ్లకు బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఉందేమో చూసే పరీక్ష ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఆ లోపం ఉంటే కీమో తర్వాత వాడే ఒలాపరిబ్ మాత్రలు బాగా పనిచేస్తాయి, అది కుటుంబంలో ఇతరులకూ ఉండొచ్చు కాబట్టి వాళ్ల కూతుళ్లు, అక్కచెల్లెళ్లు ముందే జాగ్రత్తపడొచ్చు.

ఇట్లు,
ఉదయగిరి మండల వాసి