బరంపురం నగరపాలక కమిషనర్‌ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2011 జనాభా లెక్కల్లో సాగు, వ్యవసాయ కూలీ, ఇంటి పరిశ్రమ కాక వేరే పనులు చేసేవాళ్లను పనికి ఎంత దూరం, దేని మీద వెళ్తారని అడిగారు. ‘ప్రయాణం లేదు’ అనే గడి కూడా ఉంది. మా పట్టునేత వీధుల్లో ఇంట్లోనే మగ్గం నేసేవాళ్లకు ఆ ప్రశ్నే రాలేదు, అది ఇంటి పరిశ్రమ కదా! ఇప్పుడా ఇళ్ల పిల్లలు ఛత్రపూర్ ఆఫీసులకు, గోపాల్‌పూర్ వైపు ఫ్యాక్టరీలకు పోతున్నారు. ఇచ్ఛాపురం నుంచి రైలెక్కి ఇటొచ్చేవాళ్లు వేరే.

రైలు దిగాకే అసలు టెన్షన్. షేర్ ఆటోలో డ్రైవర్‌కి అటొకరు, ఇటొకరు. వెనక ఒళ్లో టిఫిన్ క్యారియర్లు. అందుకే అప్పు చేసైనా బండి కొంటున్నారు. తీరా కొన్నాక బజార్లో అది పెట్టే చోటుండదు!

2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి. కొత్తవి చేతికొచ్చేదాకా ఆగకుండా, షిఫ్టులు మారే వేళ స్టేషన్ బయట మనుషుల్ని నిలబెట్టి లెక్క తీయించండి. బస్సు టైములు దాన్నిబట్టి వేయించండి.

ఇట్లు,
బరంపురం తెలుగువాడు