పంపు విప్పే ముందు ట్యాంకు మూత తీసి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

జిల్లా పేజీలో వచ్చే ప్రమాద వార్తల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది: ‘సాంకేతిక లోపంతో నిలిచిపోయిన లారీని వెనుక నుంచి ఢీకొని’. ఆ లోపం ఏమిటో ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు, ఏటూరునాగారం వైపు నుంచి ఇసుక, కరీంనగర్ గ్రానైట్, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి... 163, 563 నంబర్ల జాతీయ రహదారుల మీద రాత్రనక పగలనక బళ్లు తిరుగుతూనే ఉంటాయి. నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోయే బళ్లలో చాలావాటికి ఉండేది చిన్న జబ్బే. అయినా షెడ్డుకు రాగానే డీజిల్ పంపు (ఇంజన్‌కు ఒత్తిడితో డీజిల్ అందించేది) విప్పి పంపు షాపుకు పంపుతారు. వేలకు వేలు ఖర్చవుతాయి, బండి రోజుల తరబడి నిలబడుతుంది, తిరిగి బిగించాక అదే తీరుగా మళ్లీ ఆగుతుంది. బండి ఓనర్లు, డ్రైవర్లు, కొత్తగా పని నేర్చుకుంటున్న పిల్లలు చదువుతారని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు రోడ్డు మీది సంగతి. ఇంజన్ ఆగినట్టు అనిపించగానే చాలామంది క్లచ్ తొక్కేస్తారు. అది తప్పు. బండి గేరులో దొర్లుతున్నంతసేపూ చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. స్టీరింగ్ పంపు, ఎయిర్ కంప్రెసర్ పనిచేస్తూనే ఉంటాయి. క్లచ్ తొక్కిన మరుక్షణం స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది, ఇక బ్రేకుకు మిగిలేది ట్యాంకుల్లో ఉన్న గాలే. బ్రేకు పదేపదే తొక్కి వదిలితే ఆ గాలి అయిపోతుంది, వెనుక స్ప్రింగ్ బ్రేకులు పట్టేసి బండి నడిరోడ్డు మీదే నాటుకుపోతుంది. కాబట్టి ఊపు ఉండగానే ఎడమ అంచుకు తేవాలి, బ్రేకు ఒక్కసారే నిదానంగా తొక్కాలి. స్టీరింగ్ లాక్ ఉన్న బండి అయితే పూర్తిగా ఆగేదాకా తాళం చెవి బయటికి తీయొద్దు. ఆ తరువాత హజార్డ్ లైట్లు వేసి, వెనుక కనీసం యాభై మీటర్ల దూరంలో ట్రయాంగిల్ పెట్టాలి. మలుపు ఉంటే మలుపుకు అవతలే పెట్టాలి, తాడ్వాయి అడవి దారిలోనైతే ఇది మరీ అవసరం. కొమ్మలు, బండరాళ్లు పేర్చడం మన దగ్గర అలవాటు. బండి కదిలాక ఆ రాళ్లను అక్కడే వదిలి పోతారు, చీకట్లో బైకు మీద వచ్చేవాడికి అవి కనపడవు. చక్రం కింద పెట్టిన రాయిని సైతం తీసి పక్కన పడేయాల్సిన బాధ్యత డ్రైవర్‌దే, క్లీనర్‌దే.

ఇక ఇంజన్ సంగతి. స్పానరు పట్టుకునే ముందు డ్రైవర్‌ను నాలుగు మాటలు అడగాలి. దెబ్బకు ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా? ఆగాక సెల్ఫ్ కొట్టగానే లేచిందా, పది నిమిషాలు ఆగాక లేచిందా, చేతి పంపు (పైపుల్లోకి డీజిల్ ఎక్కించడానికి చేత్తో కొట్టేది) కొడితేనే లేచిందా? ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది? లోడు మీద ఆగిందా, ఖాళీగా ఉన్నప్పుడూ ఆగుతోందా? ఈ జవాబులతోనే సగం పని అయిపోతుంది. స్విచ్ తీసేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు చూడాలి. పికప్ తగ్గి, జర్కులు కొట్టి, రేసు ఇచ్చినా ఎక్కకుండా చచ్చిపోతే డీజిల్ వైపు. ఇంజన్ బాగా వేడెక్కాకే ఆగి, చల్లారాక ఏమీ ఎరగనట్టు లేస్తే సెన్సారునో సోలినాయిడ్‌నో (కరెంటుతో తెరుచుకుని మూసుకునే డీజిల్ కవాటం) అనుమానించాలి.

దగ్గి ఆగే బండికి అన్నిటికంటే ముందు చేయాల్సింది ట్యాంకు మూత తీయడం. మూతలో గాలి లోపలికి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. బొగ్గు దుమ్ముతో, ఇసుకతో అది పూడుకుపోతే డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరుగుతుంది, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ తోడేది) లాగలేక చేతులెత్తేస్తుంది. బండి కొంత దూరం బాగా పోయి ఆగుతుంది, కాసేపు నిలబెడితే గాలి మెల్లగా లోపలికి చేరి మళ్లీ లేస్తుంది. ఆగిన వెంటనే మూత తిప్పితే ‘సుయ్’ మని గాలి లోపలికి పోయిన చప్పుడు వస్తే కారణం దొరికినట్టే. మూతను డీజిల్‌లో కడిగి గాలి కొట్టండి, లేదా మార్చండి. దొంగల భయానికి మూత మీద ప్లాస్టిక్ కవరు చుట్టి తాడు కట్టే వాళ్లూ ఉన్నారు. ఆ కట్టుతోనే రంధ్రం మూసుకుపోతుంది.

మూత బాగుంటే క్యాన్ టెస్టు. పది లీటర్ల శుభ్రమైన క్యాన్‌లో కొత్త డీజిల్ పోసి, ఫీడ్ పంపుకు వచ్చే సక్షన్ పైపును ట్యాంకు వైపు నుంచి విప్పి క్యాన్‌లో పెట్టండి. రిటర్న్ పైపు (మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చేది) కూడా అదే క్యాన్‌లోకి రావాలి. లేకపోతే డీజిలంతా ట్యాంకుకు పోయి క్యాన్ చూస్తుండగానే ఖాళీ అవుతుంది. క్యాన్‌ను క్యాబిన్ మీద కట్టొద్దు. ఎత్తు నుంచి డీజిల్ తనంతట తానే దిగుతుంది కాబట్టి ఫీడ్ పంపు బలహీనంగా ఉన్నా తెలియదు. ట్యాంకు ఉన్న ఎత్తులోనే, సైలెన్సర్‌కు దూరంగా, ఛాసిస్‌కు కట్టి, మూత కొంచెం వదులుగా ఉంచి, వీలైతే లోడుతోనే షెడ్డు చుట్టుపక్కల తిప్పి చూడాలి. క్యాన్ మీద నడిచి ట్యాంకు మీద ఆగే బండిలో పంపు, ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) ఏ పాపమూ ఎరగవు. జబ్బు ట్యాంకుకూ ఆ పైపు విప్పిన చోటుకూ మధ్యనే ఉంది. ఒక క్యాన్, రెండు మీటర్ల పైపు, రెండు క్లాంపులు. పంపు విప్పే ఖర్చుతో పోలిస్తే ఇదేమంత ఖర్చు?

ట్యాంకు వైపు ఏముంటుంది? క్వారీల దగ్గర డ్రమ్ముల్లోంచి, క్యాన్లలోంచి డీజిల్ పోసుకునే టిప్పర్లలో సీలు ముక్క, గుడ్డ పీలిక, పాలిథీన్ కవరు తునక దొరకడం మామూలే. ఇంజన్ లాగుతున్నప్పుడు అది వచ్చి సక్షన్ పైపు జాలీకి అతుక్కుంటుంది. ఇంజన్ ఆగగానే రాలి అడుగుకు పోతుంది. అందుకే షెడ్డులో బండి ఎంతసేపు రేసు చేసినా బాగానే ఉంటుంది. పైపును ఫీడ్ పంపు వైపు విప్పి, ట్యాంకు మూత తెరిచి, తక్కువ ఒత్తిడితో గాలి వెనక్కి ఊదితే ట్యాంకులో బుడబుడమని వినిపించాలి. ఊదాక రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలైతే ఇంకోసారి ఊదకండి. ట్యాంకు దించి కడగాలి. ఇంకో సంగతి: ట్యాంకు నిండుగా ఉంటే పోయి, సగానికి దిగగానే ఆగే బండిలో ట్యాంకు లోపలి సక్షన్ గొట్టం మధ్యలో చిట్లి ఉంటుంది. చిట్లిన చోటు డీజిల్‌లో మునిగి ఉన్నంతవరకు నష్టం లేదు, పైకి తేలితే గాలి పీల్చడం మొదలవుతుంది. చాలామంది దీన్ని గేజు తప్పనుకుని గేజు మారుస్తారు.

గాలి పీల్చే చోట డీజిల్ కారదు, గుర్తుంచుకోండి. సక్షన్ వైపు ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. బయటికి చుక్క రాకుండానే లోపలికి గాలి పోతుంది. అందుకే చూపుతో పట్టలేం. వాటర్ సెపరేటర్‌కూ (డీజిల్‌లోంచి నీటిని వేరుచేసే గిన్నె) ఫీడ్ పంపుకూ మధ్య అసలు పైపుకు సమానమైన బోరు (లోపలి వెడల్పు) ఉన్న పారదర్శకమైన పైపు ముక్క వేసి, ఇంజన్ రేసు చేసి చూడండి. ప్రైమ్ చేశాక (చేతి పంపుతో డీజిల్ నింపాక) ఒకటి రెండు నిమిషాలు బుడగలు రావచ్చు, ఆ తరువాత కూడా వస్తూనే ఉంటే గాలి లాగుతున్నట్టే. అక్కడి నుంచి ఒక్కో జాయింట్ వెనక్కి పోతూ వెతకాలి. మొదటి అనుమానితులు బాంజో బోల్టుల (పైపులను బిగించే, లోపల డీజిల్ పారే బోలు బోల్టులు) కింది రాగి వాషర్లు. ఒక్కో బోల్టుకు రెండు ఉంటాయి, విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. పాతవాటినే మళ్లీ బిగించి, కారకుండా ఉండాలని ఇంకాస్త బలంగా తిప్పడం వల్ల గాలి దూరడం ఆగదు, మర పోతుంది. తరువాత సెపరేటర్ గిన్నె రబ్బరు సీలు, కింది డ్రెయిన్ ప్లగ్గు, చేతి పంపు డయాఫ్రం, క్లాంపుల దగ్గర పగిలిన రబ్బరు పైపులు. రాత్రి నిలబెట్టిన బండి తెల్లారి చాలాసేపు సెల్ఫ్ కొడితేగానీ లేవకపోతే అదీ ఇదే జబ్బు. గాలి దూరి డీజిల్ రాత్రంతా ట్యాంకుకు జారిపోతుంది.

ఫిల్టరు మార్చిన రోజు నుంచే ఆగడం మొదలైతే వేరే ఎక్కడా వెతకొద్దు, పాత సీలు అక్కడే అతుక్కుని దాని మీద కొత్తది పడిందేమో చూడండి. కామన్ రైల్ బండికి (అన్ని ఇంజెక్టర్లకూ ‘రైలు’ అనే ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే ఇంజన్ ఉన్నది) మెయిన్ ఫిల్టరులో డబ్బాతో డీజిల్ పోసి బిగించకూడదు. ఆ డీజిల్ వడపోత లేకుండా నేరుగా హై ప్రెషర్ పంపులోకి పోతుంది. ఖాళీగానే బిగించి చేతి పంపుతో నింపాలి. సెపరేటర్ అడుగు నీళ్లు ఉదయాన్నే, ఇంజన్ తిప్పకముందే, గాజు గ్లాసులోకి వదిలి చూడాలి. నీరు బరువు కాబట్టి గ్లాసు అడుగున వేరుగా కనిపిస్తుంది. రోజూ నీళ్లు పడుతుంటే ఫిల్టరును తిట్టి లాభం లేదు, డీజిల్ పోయించే చోటు మార్చండి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (బీఎస్ అంటే పొగ ప్రమాణం) బళ్ల మీద, అంతకు ముందు 2017 తరువాతి బీఎస్-4 బళ్లలో చాలావాటి మీద, పాత అలవాటు ఒకటి ప్రాణం తీయగలదు. ఏ సిలిండర్ మిస్ అవుతోందో చూడటానికి ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు (ఇంజెక్టర్‌కు డీజిల్ తెచ్చేది) నట్టు వదులు చేయడం. కామన్ రైల్‌లో ఆ పైపులో ఒత్తిడి వందల బార్‌లలో ఉంటుంది, లోడు మీద వెయ్యి బార్ దాటుతుంది. సూదంత ధారైనా చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న గాయంలా కనిపించినా ఆపరేషన్ దాకా పోతుంది. ఇంజన్ ఆపాక కనీసం పది నిమిషాలు ఆగి, అదీ తప్పదనుకుంటేనే ఆ పైపుల జోలికి పోవాలి. ఈ బళ్లకు ముందు, ఇంజన్ కంప్యూటరులో (ఈసీయూ) నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టాలి. కోడ్లు చెరపకముందే ఫోన్లో ఫొటో తీసుకోండి. ఎస్పీఎన్ అంటే లోపం ఎక్కడో చెప్పే నంబరు: 157 అంటే రైలు ఒత్తిడి, 94 ఫీడ్ వైపు ఒత్తిడి, 97 డీజిల్‌లో నీరు, 636 క్రాంక్ సెన్సారు (ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టేది), 168 బ్యాటరీ వోల్టేజి. 157 తక్కువ ఒత్తిడితో చూపగానే హై ప్రెషర్ పంపు పోయిందని తీర్పు ఇచ్చేస్తారు. పంపుకు డీజిల్ అందకపోయినా, గాలి అందినా అదే కోడ్ వస్తుంది. తేడా ఎక్కడ కనపడిందో స్కానర్ చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. దానికీ క్యాన్ టెస్టే మందు.

ఇక దెబ్బకు ఆగే బండి. 24 వోల్టుల చిన్న బల్బుకు పొడవాటి వైరు వేసి, ఒక కొస స్టాప్ సోలినాయిడ్‌కు కరెంటు వచ్చే చోట (కామన్ రైల్ అయితే ఈసీయూ మెయిన్ రిలే నుంచి కరెంటు వచ్చే ఫ్యూజు దగ్గర), రెండోది ఎర్త్‌కు కట్టి బల్బును డ్యాష్‌బోర్డు మీద పెట్టండి. సెన్సారు వైర్లను మాత్రం ముట్టుకోవద్దు. డ్రైవర్ చేయాల్సిందల్లా, ఇంజన్ ఆగిన క్షణంలో బల్బు వెలుగుతోందా లేదా అన్నది పక్కవాణ్ని చూడమనడం. బల్బు కూడా ఆరితే ఫ్యూజు, రిలే, ఇగ్నిషన్ స్విచ్, వాటి మధ్య వైరింగ్. వెలుగుతూనే ఉంటే కరెంటు సరఫరా నిర్దోషి. ఎలక్ట్రానిక్ ఇంజన్‌లో బండి గేరులో ఇంకా దొర్లుతుండగానే ఆర్‌పీఎం ముల్లు సున్నాకు పడిందంటే, కరెంటు బాగుంటే, క్రాంక్ సెన్సారును చూడాలి: దాని మీద ఇనుప రజను పేరుకుందా, ప్లగ్గు పిన్నులు వదులయ్యాయా, వేడికి లోపలి కాయిల్ తెగుతోందా అని. ఎండాకాలం రామగుండం వైపు మధ్యాహ్నాలు ఇలాంటి సెన్సార్లు ఎక్కువగా బయటపడతాయి.

కరెంటు వైపు ఇప్పుడు కొత్త దోషి ఒకడున్నాడు: జీపీఎస్ పరికరంతో పాటు బిగించే ఇంజన్ కట్ రిలే. ఇగ్నిషన్ వైరు కోసి, మధ్యలో చవక రిలే పెట్టి, టేపు చుట్టి వదిలేస్తారు. గుంతలో పడ్డప్పుడు అది ఒక్క క్షణం వదులైతే చాలు. బండి కొన్నవారికి ఆ రిలే ఎక్కడుందో కూడా తెలియదు. అనుమానం ఉంటే బిగించిన వాళ్లను పిలిపించి, వాళ్ల ముందే వైరు నేరుగా కలిపి నడిపి చూడండి. క్యాబిన్ లేచే కీలు దగ్గర వైరింగ్ రాసుకుపోవడం, పాటల డబ్బా కోసం ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగడం కూడా ఇందులోకే వస్తాయి. అలా లాగితే ఆ బ్యాటరీ డౌన్ అవుతుంది, రెండోది ఓవర్‌చార్జ్ అవుతుంది. ఎర్త్ సరిచూడటం తేలిక. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ పోల్‌కు, రెండోది ఇంజన్ బ్లాకుకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి, అర వోల్టు దాటకూడదు. నడుస్తుండగా రెండు బ్యాటరీల మీద కలిపి 27 నుంచి 28.5 వోల్టుల మధ్య ఉండాలి.

యాడ్‌బ్లూ (పొగను శుభ్రపరచడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం) అయిపోవడం వల్ల బండి ఆగిందని చెప్పేవాళ్లు పెరిగారు. అది అయిపోతే పికప్ తగ్గుతుంది, వేగం కట్టేసినట్టవుతుంది, నడుస్తున్న ఇంజన్ దభాల్న ఆగిపోదు. డీజిల్ ట్యాంకులో పొరపాటున యాడ్‌బ్లూ పోస్తే మాత్రం సెల్ఫ్ ఒక్కసారి కూడా కొట్టకుండా ట్యాంకు దించాలి. ఎయిర్ ఫిల్టరు పూడితే నల్లపొగ, టర్బో పోతే లాగుడు తగ్గడం. ఒట్టి వాటితోనే ఇంజన్ ఆగడం అరుదు.

ఇవన్నీ చూశాక, క్యాన్ మీద కూడా అదే తీరుగా ఆగుతూ, బుడగలు లేకుండా, కరెంటు సరిగ్గా ఉంటే అప్పుడు పంపు విప్పండి. రిటర్న్ పైపులు బయటే ఉన్న ఇంజన్ అయితే విప్పే ముందు ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌ను ఒక్కో సీసాలోకి వదిలి కొలవండి. ఒక్కటి మిగతావాటికంటే బాగా ఎక్కువ వదులుతుంటే రైలు ఒత్తిడి పడగొట్టేది అదే, పంపు కాదు. పంపు షాపుకు పంపేటప్పుడు ఏ టెస్టులో ఏం కనపడిందో, ఏ కోడ్ వచ్చిందో, బండి ఎంత లోడు మీద ఆగిందో కాగితం మీద రాసి పంపుకే కట్టి పంపండి.

ఇట్లు,
లారీ మెకానిక్‌లు,
వరంగల్.