సెల్లు, బల్బు, రెండు వైర్లు పిల్లల చేతికివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఇరవై రెండేళ్లుగా హౌస్ వైరింగ్, మోటార్ల పని చేస్తున్నాను. మా అమ్మాయి పదో తరగతి. మొన్న ఆదివారం కరెంటు పాఠం చదువుకుంటూ వోల్టులని ఓంలతో భాగిస్తే కరెంటు వస్తుందనే ఓం నియమం గడగడా అప్పజెప్పింది, నిర్వచనం, సూత్రం, లెక్క ఏదీ తప్పలేదు. సరే అని షాపులో ఉన్న టార్చి బల్బు ఒకటి, రెండు పెన్సిల్ సెల్లులు పెట్టిన హోల్డరు ఒకటి ఇచ్చి, దీన్ని వెలిగించమ్మా అన్నాను. ఎర్ర వైరూ నల్ల వైరూ రెండూ తెచ్చి బల్బు అడుగున ఉన్న చుక్కకే ఆనించింది. బల్బు వెలగలేదు సరికదా వైర్లు వేడెక్కాయి. "సెల్లులు పాడైనట్టున్నాయి నాన్నా" అంది.

బల్బుకి అడుగున ఉన్న చుక్క ఒక కొస అనీ, చుట్టూ ఉన్న లోహపు తొడుగు రెండో కొస అనీ తనకి తెలియదు. ఎలా తెలుస్తుంది? పుస్తకంలో బల్బంటే ఒక గుర్తు. వాళ్ల క్లాసులో ప్రయోగం మాస్టారు బల్ల మీద ఒకసారి చేసి చూపించారట, వెనక బెంచీల వాళ్లకి సరిగ్గా కనపడనే లేదట. నేను మాస్టారిని తప్పు పట్టడం లేదు, ఆయనకి సిలబస్ టెన్షన్ ఉంటుంది, మన రెండు రాష్ట్రాల్లోనూ టెన్త్ పబ్లిక్ పరీక్షలో సైన్స్‌కి విడిగా ప్రాక్టికల్స్ లేవు, మార్కు రానిదానికి పీరియడ్ ఎవరిస్తారు?

బల్బు వెలిగాక అలాంటిదే ఇంకోటి వరసలో కలపమన్నాను. ముందు బల్బు కరెంటు తినేస్తుంది కాబట్టి రెండోది తక్కువ వెలుగుతుందని చెప్పింది. కలిపి చూస్తే రెండూ సమానంగా, ఇందాకటి కన్నా మసకగా వెలిగాయి. కాసేపు చూసి, "మరి మనింట్లో ఒక లైటు వేశాక రెండోది వేస్తే మొదటిది మసకబారదేం?" అంది. సమాంతర సంధానం, అంటే ప్రతి లైటుకీ కరెంటు దారి విడిగా ఉండేలా కలపడం, ఆ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది, ఆ ప్రశ్న నేను అడిగింది కాదు, చేత్తో చేసింది కాబట్టి తనకే పుట్టింది.

ఇది మార్కుల కోసం చెప్పడం లేదు. చలికాలం వస్తే నేను వెళ్లే ఇళ్లలో కరిగిపోయిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. 1500 వాట్ల హీటర్ రాడ్‌ని 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు, దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌కి పెట్టి పక్కనే ఇస్త్రీ పెట్టె కూడా పెడతారు. అదే లెక్క వాళ్ల పిల్లలు పరీక్షలో చేసి మార్కులు తెచ్చుకుంటారు. ఇంకా బాధ కలిగించేది దండెం సంగతి. సర్వీసు వైరు తోలు పోయి, బట్టలారేసే ఇనుప తీగకి ఒరుసుకుని ఉంటుంది, తడి బట్ట పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. కరెంటు ఆ మనిషి ఒంట్లోంచి నేలలోకి దిగి సర్క్యూట్ పూర్తయిందని అర్థమైన పిల్లవాడు ఇంట్లో అమ్మని ఆ తీగ దగ్గరికి పోనివ్వడు.

ఖర్చు అంటారేమో. నలుగురికి ఒక సెట్టు, వంద రూపాయలు కూడా కాదు. టార్చి బల్బులు ఈ మధ్య తగ్గిపోయాయి, ఎల్ఈడీలతో చేయించండి, నిజానికి అందులో ఇంకా ఎక్కువ పాఠం ఉంది. పొడుగు కాలు ప్లస్‌కి రాకపోతే వెలగదు. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు, రెండు సెల్లులు 3 వోల్టులు, మిగిలిన 1 వోల్టుకి కరెంటుని అదుపు చేసే 100 ఓంల రెసిస్టర్ పెడితే 10 మిల్లీ ఆంపియర్లు పోతాయి. ఓం నియమం ఎందుకు పనికొస్తుందో అక్కడ తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ప్రయోగాలన్నీ 1.5 వోల్టుల మామూలు సెల్లులతోనే, గోడ ప్లగ్గు జోలికి, పాత ఫోన్ బ్యాటరీల జోలికి పోకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పాలి.

విద్యాశాఖ వారిని నేను అడిగేది ఒకటే. ఏడో తరగతి నుంచి ప్రతి పిల్లా, పిల్లవాడూ ఏడాదికి ఒక్కసారైనా తన చేత్తో సర్క్యూట్ కలపాలి, ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని రికార్డు పుస్తకం చూసి కాకుండా బల్బు వెలిగిందా లేదా అని చూసి వేయాలి. మాస్టార్లకి తోడు కావాలంటే ప్రతి ఊళ్లోనూ మాలాంటి వాళ్లం ఉన్నాం. మోటారు వైండింగ్, అంటే లోపలి రాగి తీగ చుట్ట, షార్ట్ అయిందో లేదో చూడటానికి, దానికి వరసలో ఒక బల్బు కలిపి మేం వాడే సీరీస్ బోర్డు ఒకటి ఉంటుంది, వైండింగ్ షార్ట్ అయితే అందులో బల్బు నిండుగా వెలుగుతుంది, బాగుంటే మసకగా, తెగిపోతే అసలు వెలగదు. అది నేనే పట్టుకుని పిల్లల్ని దూరంగా నిలబెట్టి చూపిస్తాను. మా మండలంలో ఏ బడివాళ్లు పిలిచినా ఒక పూట పని మానుకుని వస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్, గుంటూరు జిల్లా